కారు వెనకద్దం మీద కుర్రాడు

ఈ వ్యాసంలో ఒక మాట వాడక తప్పదు. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఆ మాట ఎలా రాయడమా అని రెండు రోజులు తటపటాయించాను. చివరికి, పసిపిల్లల్ని పెంచిన ఇల్లాళ్ళ దగ్గర దాపరికం ఏమిటి, రోజుకి పదిసార్లు అనే మాటే కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. ఆ మాట ‘ఒంటేలు’.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్ళు ఈ బొమ్మని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అక్కడి రోడ్ల మీద తిరిగే పికప్ ట్రక్కుల వెనకద్దాలకి అంటించి ఉంటుంది. నిక్కపొడుచుకున్న జుట్టు, పొట్టి చేతుల చొక్కా, ఆరేళ్ళ కుర్రాడు. మనకి వీపు చూపిస్తూ నిలబడి, మెడ తిప్పి కొంటెగా పళ్ళికిలిస్తూ, ఎదురుగా ఉన్నదాని మీద ఒంటేలు పోస్తుంటాడు. ఎదురుగా ఏముంటుందంటారా? ఆ బండి ఫోర్డుదైతే షెవర్లే గుర్తుంటుంది. షెవర్లేదైతే ఫోర్డు గుర్తుంటుంది. కారు పందేల పిచ్చి ఉన్నవాళ్ళకైతే తమకి గిట్టని డ్రైవరు బండి నెంబరుంటుంది. ఎన్నికల రోజుల్లో నాయకుల పేర్లు. విడాకులైన మగమహారాజుల కోసం ‘మాజీ భార్య’ అని రాసిన రకం కూడా అమ్మారుట. దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్న వాడితో ఆ ఇల్లాలు అన్నాళ్ళు ఎలా వేగిందో!

ఆ కుర్రాడి పేరు కాల్విన్. వాణ్ణి సృష్టించినాయన బిల్ వాటర్సన్. 1985 నవంబరు 18 నుంచి 1995 డిసెంబరు 31 దాకా ‘కాల్విన్ అండ్ హాబ్స్’ అనే పేరుతో పత్రికల్లో కార్టూన్లు వేశాడు. ఒక దశలో 2,400 పత్రికల్లో వచ్చేవి. విచిత్రం ఏమిటంటే, ఆ పదేళ్ళలోనూ ఆయన ఈ ఒంటేలు బొమ్మ ఒక్కసారి కూడా వెయ్యలేదు. పైగా తన బొమ్మల్ని చొక్కాల మీదా కప్పుల మీదా స్టిక్కర్ల మీదా వేసుకోవడానికి ఎవరికీ హక్కు అమ్మలేదు. కోట్లు ఇస్తామన్నా వద్దన్నాడు. అంటే, లోకంలో ఆ కుర్రాడి పేరుతో చెలామణీ అవుతున్న స్టిక్కరల్లా దొంగసరుకే.

ఈ దొంగతనం కాల్విన్‌తో మొదలైంది కాదు. నూట పాతికేళ్ళు దాటిన కథ.

1896 ప్రాంతంలో న్యూయార్కులో ‘ఎల్లో కిడ్’ అనే పిల్లాడికి మహా పేరొచ్చింది. రిచర్డ్ ఔట్‌కాల్ట్ అనే ఆయన ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వేసేవాడు. గుండు తల, చేటంత చెవులు, నేల జీరాడే పసుప్పచ్చ చొక్కా. బీదపేటల్లో తిరిగే గాలి పిల్లాడు. వీడి మాటలు చాలా మటుకు చొక్కా మీదే రాసి ఉండేవి! ఇవాళ మన పిల్లలు గుండెల మీద పిచ్చిరాతలు వేసుకుని పెళ్ళిళ్ళకి కూడా తయారవుతుంటే నొసలు చిట్లిస్తాం గానీ, ఆ ఫ్యాషనుకి ఆదిపురుషుడు వీడే అనుకోవాలి. చూస్తూండగానే బిస్కెట్ల మీదా సిగరెట్ల మీదా బొత్తాల మీదా వాడి బొమ్మే. అందులో చాలా భాగం ఔట్‌కాల్ట్‌ని అడిగి వేసినవి కావు. ఆయన 1896 సెప్టెంబరులో బొమ్మ మీద హక్కు రాయించుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు గానీ దానివల్ల ఒరిగింది తక్కువ. ఈలోగా పోటీ పత్రికవారు ఎక్కువ డబ్బిచ్చి ఆయన్ని ఎగరేసుకుపోయారు. పాత పత్రికవారు ఊరుకున్నారా? ఇంకో చిత్రకారుణ్ణి పెట్టి ఆ పిల్లాడి బొమ్మే వేయించారు. ఒకే ఊళ్ళో, రెండు పత్రికల్లో, ఒకే పిల్లాడు! కన్నతండ్రి ఒకచోట, పెంపుడు తండ్రి ఇంకోచోట.

ఆయన ఆ అనుభవాన్ని మర్చిపోలేదు. తర్వాత ‘బస్టర్ బ్రౌన్’ అని ఇంకో అల్లరి పిల్లాణ్ణి సృష్టించాక, 1904లో సెయింట్ లూయీలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి స్వయంగా వెళ్ళి, అడిగిన ప్రతి వ్యాపారికీ వాడి బొమ్మ వాడుకునే హక్కు అమ్మాడు. పోయేది ఎలాగూ పోతుంది, చేతులు కాలకముందే నాలుగు డబ్బులు చేసుకుందాం అనుకున్నాడు కాబోలు. బూట్ల కంపెనీకి అమ్మిన హక్కు ఆయన పోయాక కూడా ఆ పేరుతో పిల్లల బూట్లు అమ్ముకోవడానికి పనికొచ్చింది.

వాల్ట్ డిస్నీదీ దాదాపు ఇదే కథ. మిక్కీమౌస్ కంటే ముందు ఆయన ఆస్వాల్డ్ అనే కుందేలుని తయారుచేశాడు. 1928లో ఒక్కో సినిమాకి ఇచ్చే డబ్బు పెంచమని అడగడానికి వెళ్తే, కుందేలు నీది కాదు, కంపెనీది అన్నారు. కడుపుమంటతో తిరిగొచ్చి పుట్టించిందే ఎలుక. ఈసారి మాత్రం పట్టు వదల్లేదు. 1932లో కే కామెన్ అనే వ్యాపారదక్షుడు వచ్చి చేరాడు. 1933లో ఇంగర్‌సాల్ వాళ్ళ మిక్కీ గడియారం వచ్చింది. దేశమంతా ఆర్థిక మాంద్యంలో అల్లాడుతున్న రోజుల్లో కూడా జనం ఆ గడియారాలు కొనుక్కున్నారు. ఎలుక పేరు చెప్పుకుని కంపెనీ నిలబడింది.

ఒకసారి దెబ్బ తిన్నవాడు గట్టివాడవుతాడు, సరే. కానీ ఎంత గట్టిగా? 1989లో ఫ్లారిడాలో హాలండేల్ అనే ఊళ్ళో మూడు శిశుసంరక్షణ కేంద్రాల వాళ్ళు, ఉద్యోగాలకి వెళ్ళే తల్లులు పిల్లల్ని వదిలిపెట్టే చోట్లు అవి, గోడల మీద మిక్కీనీ డొనాల్డ్ బాతునీ గూఫీనీ వేయించారు. పసివాళ్ళు ఏడవకుండా ఉంటారని. కంపెనీవారు చెరిపెయ్యమన్నారు, లేకపోతే కోర్టుకి వెళ్తామన్నారు. చట్టం ప్రకారం తప్పేమీ లేదనుకోండి. కానీ మూడేళ్ళ పిల్ల పొద్దున్న వెళ్ళేసరికి గోడ మీద మిక్కీ మాయమైతే ఆ పిల్లకి చట్టం ఎవరు చెప్తారు? పక్కనే ఉన్న పోటీ కంపెనీవాళ్ళు ఇదే అదనని వచ్చి, మా బొమ్మలు వేసుకోండి అని, ఉచితంగా ఫ్లింట్‌స్టోన్స్ వాళ్ళనీ స్కూబీ డూనీ వేయించి వెళ్ళారు. పేపర్లలో ఎవరికి మంచిపేరు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇలా ఎలుక మరీ మర్యాదస్తురాలై కూర్చుంటే దాన్ని వెక్కిరించేవాడు ఎక్కడో అక్కడ పుడతాడు కదా. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో ఎడ్ రాత్ అనే భారీమనిషి కార్ల తిరణాళ్ళలో ఒక మూల కూర్చుని, గాలిపిచికారీతో కుర్రకారు చొక్కాల మీద అప్పటికప్పుడు భయంకరమైన బొమ్మలు వేసి ఇచ్చేవాడు. వేలాడే నాలికలు, ఊడిపడే కళ్ళు, పొగలు చిమ్మే బండ్లు. ఆయన కల్పించిన ‘ర్యాట్ ఫింక్’ అనే పచ్చటి ఎలుక 1963 కల్లా దేశమంతా తిరిగింది. ఈగలు ముసిరే ఒళ్ళు, వంకర పళ్ళు, బానపొట్ట. మిక్కీకి దాయాది అనుకోండి. ఆ చొక్కాలు చూసి అక్కడి తల్లులు ఎంత గోల పెట్టి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. నాకు మాత్రం రాత్ అంటే గౌరవం. వికారమైనా వెకిలిదైనా బొమ్మ ఆయన సొంతం. ఇంకొకడి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి బూతులు నేర్పలేదు.

డాన్ ఓనీల్ అలా కాదు. 1971లో ఆయనా మిత్రబృందమూ కలిసి ‘ఎయిర్ పైరేట్స్’ అనే పేరుతో రెండు పుస్తకాలు వేశారు. వాటిలో సాక్షాత్తూ మిక్కీ చేతా మిన్నీ చేతా ఇక్కడ రాయలేని పనులన్నీ చేయించారు. డిస్నీవారు దావా వేశారు. 1978లో అప్పీలు కోర్టు కూడా, వెక్కిరించే హక్కుంది నిజమే గానీ బొమ్మని అంతకంత దించెయ్యడం కుదరదు అంది. లక్షా 90 వేల డాలర్ల తీర్పు ఆయన నెత్తిన పడింది. ఆయన దగ్గర లక్షలు కాదు గదా, చేతిలో చిల్లర కూడా లేదు. ఆఖరికి, ఇక జన్మలో మిక్కీ బొమ్మ వెయ్యనని ఆయన మాటిచ్చాడు, డబ్బు వసూలు చెయ్యమని కంపెనీవారు మాటిచ్చారు. దాంతో రాజీ అయింది.

అన్నట్టు, ఈ వెకిలి చొక్కాలూ స్టిక్కర్లూ ఇంత సులువుగా ఎలా పుట్టుకొస్తాయో చెప్పలేదు కదూ. చొక్కా సంగతి మనకి తెలిసిందే. మన ఊళ్ళల్లో శుభలేఖలూ గుడ్డ బ్యానర్లూ అచ్చేసిన స్క్రీన్ ప్రింటింగే. చట్రానికి పల్చటి గుడ్డ బిగించి, బొమ్మ ఉన్నచోట తప్ప మిగతా కన్నాలన్నీ మూసేసి, రబ్బరు బద్దతో సిరా లాగడం. ఒక్కో రంగుకి ఒక్కో చట్రం. ఒక చిన్న గదీ, నలుగురు మనుషులూ ఉంటే చాలు, పొద్దున్న టీవీలో చూసిన బొమ్మ సాయంత్రానికి బజార్లో చొక్కా మీద ఉంటుంది. స్టిక్కరు ఇంకా సులువు. చిన్నప్పుడు మనం నీళ్ళల్లో తడిపి నోటుబుక్కు అట్టల మీద అంటించుకున్న బొమ్మలకి ఇవి పెద్దన్నయ్యలు. 1980లలో కంప్యూటరు చెప్పినట్టు కత్తి కదిలే యంత్రాలు బోర్డులు రాసే దుకాణాల్లోకి వచ్చాయి. జిగురు పూసిన ప్లాస్టిక్కు రేకు మీద గీత ఎలా ఉంటే అలా కోసుకుపోతుంది. అనవసరమైన ముక్కలు గోటితో పీకేస్తే బొమ్మ మిగులుతుంది. అందుకే ఆ స్టిక్కర్లన్నీ ఒకే రంగు, ఒకే గీత. వాటర్సన్ వేసిన నీళ్ళరంగుల ఆకాశాలూ మంచుకొండలూ ఆ కత్తికి లొంగవు. అల్లరి పిల్లాడి వీపైతే లొంగుతుంది.

1990 వేసవిలో అమెరికా బజార్లన్నీ బార్ట్ సింప్సన్ చొక్కాలే. ‘సింప్సన్స్’ సీరియల్ టీవీలో మొదలై ఆర్నెల్లయింది. అందులో బార్ట్ పదేళ్ళ మొద్దబ్బాయి. ‘నేను చదువులో వెనకబడ్డాను, అయినా గర్వంగా ఉంది’ అనే అర్థం వచ్చే రాత ఉన్న చొక్కా లైసెన్సు ఉన్నదే, అసలు సిసలు సరుకే. కొన్ని బడుల్లో హెడ్మాస్టర్లు దాన్ని వేసుకురావద్దని నిషేధించారు. మార్కుల కోసం పిల్లల్నీ తమనీ కాల్చుకుతినే మన తల్లులకి ఆ చొక్కా చూపిస్తే ఏమంటారో చెప్పనక్కర్లేదు. అసలు చొక్కాలు పెద్ద దుకాణాల్లో ఉంటే, దొంగ చొక్కాలు కాలిబాటల మీద గుట్టలు పోశారు. ఆ దొంగ చొక్కాల్లో ఒక రకం నన్ను ఆలోచనలో పడేసింది. పసుప్పచ్చ బార్ట్‌ని నల్లవాడిగా మార్చేశారు. ఒక చొక్కా మీద మైకేల్ జోర్డాన్ లాగా బంతి పట్టుకుని గాల్లోకి ఎగురుతుంటాడు. ఇంకోదాని మీద అప్పుడే జైలునుంచి విడుదలై, జూన్‌లో అమెరికా వచ్చిన నెల్సన్ మండేలా పక్కన నిలబడి ఉంటాడు. బార్ట్‌ని పుట్టించినవాళ్ళకి ఈ ఊహే వచ్చి ఉండదు. తమ పిల్లల్లాంటి పిల్లాడు టీవీ బొమ్మల్లో ఎక్కడా కనిపించకపోతే, కనిపించినవాణ్ణే తీసుకుని తమ రంగు వేసుకున్నారు. చట్టం లెక్కలో ఇదీ దొంగతనమే. కంపెనీవారు కోర్టులకెళ్ళారు, సరుకు పట్టించారు. కానీ ఈ రెండు దొంగతనాల్నీ ఒకే గాట కట్టడానికి నాకు మనసొప్పదు. ఒకడు పిల్లాణ్ణి ఎత్తుకుపోయి తన ఇంట్లో బిడ్డలా పెట్టుకున్నాడు. ఇంకొకడు ఎత్తుకుపోయి రోడ్డు మీద బట్టలిప్పి నిలబెట్టాడు.

ఆ రెండోవాడి దగ్గరికే మళ్ళీ వద్దాం.

వాటర్సన్ మొదట్లో పేరూ ఊరూ తెలియని కుర్రవాడు. పత్రికలకి కార్టూన్లు పంపిణీ చేసే సిండికేటువారు రాసిన కాయితం మీద సంతకం పెట్టాడు. కొత్తగా పుస్తకం వేయించుకునే రచయిత్రి ఎవరైనా సరే అలాగే పెడుతుంది, నన్నడగండి. ఆ కాయితం ప్రకారం బొమ్మల్ని వస్తువుల మీద వేసి అమ్ముకునే హక్కు సిండికేటుది. కార్టూన్ పేరు మోగిపోయాక, ఇక బొమ్మలు, చొక్కాలు, టీవీ సినిమా అని వాళ్ళు మొదలుపెట్టారు. ఆయన ఒక్కటే మాట, ‘వద్దు’. ఏళ్ళ తరబడి పెనుగులాట. బలవంతంగా అమ్ముకునే వీలు ఉండి కూడా వాళ్ళు ఆయన మాట కాదని ముందుకు పోలేదు, అది వాళ్ళ మంచితనమే. 1991లో ఒప్పందం తిరగరాసి హక్కులు ఆయనకే ఇచ్చేశారు. తీరా ఆయన అనుమతితో బయటికొచ్చిన వస్తువులు లెక్కపెడితే రెండు క్యాలెండర్లూ, పిల్లలకి పాఠాలు చెప్పడానికి ఒక పుస్తకమూ, ఒక ప్రదర్శన కోసం ఒక చొక్కా. వేళ్ళ మీద లెక్క.

ఎందుకంత పట్టుదల? డబ్బు చేదా? ఆయన చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. కాల్విన్‌కి హాబ్స్ అని ఒక పులి స్నేహితుడు. కాల్విన్ కళ్ళకి అది నవ్వే, గెంతే, వాదించే నిజం పులి. అమ్మానాన్నల కళ్ళకి దూది కుక్కిన గుడ్డబొమ్మ. ఏది నిజం? పదేళ్ళలో ఆయన ఎప్పుడూ తేల్చలేదు. ఇప్పుడు ఏ కంపెనీవాడో హాబ్స్ బొమ్మ కుట్టి అరల్లో పెడితే ఇంకేముంది, గుడ్డబొమ్మే అని తేలిపోయినట్టే కదా! కథ ప్రాణమే పోతుంది. బొమ్మ అమ్మితే వచ్చే డబ్బుకంటే ఆ ‘తేలకపోవడం’ ఆయనకి ఎక్కువ విలువైంది.

కానీ చట్టబద్ధమైన సరుకు బజార్లో లేకపోయేసరికి దొంగసరుకుకి పోటీయే లేకుండా పోయింది. దాహం వేసినవాడికి మంచినీళ్ళ కుండ లేకపోతే మురుగు కాలవే గతి అన్నట్టయింది. ఒంటేలు కాల్విన్‌కి మూలం కూడా కాల్విన్ బొమ్మేనంటారు. 1988 నాటి ఒక ఆదివారం కార్టూన్లో కాల్విన్ కుళాయి దగ్గర బెలూన్లో నీళ్ళు నింపుకుంటూ కొంటెగా నవ్వుతాడు. ఆ నవ్వుని కోసి తెచ్చి ఈ పనికి అతికించారు. 1990ల మధ్యకొచ్చేసరికి ఫ్లారిడా లాంటి చోట్ల కారు పందేల దగ్గర కనిపించింది, తర్వాత దేశమంతా పాకింది. సిండికేటువారి నోటీసులు వెళ్ళాయి. ఒక కొట్టు మూస్తే ఇంకో పదిచోట్ల తెరిచారు. కొందరు జుట్టు కాస్త మార్చి, వీడు కాల్విన్ కాదు, ఇంకెవడో అన్నారు. ఇంకో చిత్రం చూడండి. అదే కుర్రాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, సిలువ ముందు తల వంచి ప్రార్థన చేయించే స్టిక్కర్లు కూడా వచ్చాయి. అదీ అడక్కుండా వేసిందే.

ఒహాయోలో ఉన్న మా అక్క కూతురు ఒకసారి ఫోన్లో, “పిన్నీ, మా వీధిలో ఒక బండికి ప్రార్థన చేసేవాడున్నాడు, దాని వెనక బండికి ఒంటేలు పోసేవాడున్నాడు. వీడు మంచివాడా, చెడ్డవాడా అని మా చంటిది అడుగుతోంది. ఏం చెప్పమంటావు?” అంది. “ఆ రెండూ వాడు కాదని చెప్పవే. అసలు పుస్తకం తెచ్చి చేతిలో పెట్టు” అన్నాను. ఆ పుస్తకాలు నాలుగున్నర కోట్ల ప్రతులు పైగా అమ్ముడుపోయాయి, దొరక్కపోవడమనే మాట లేదు. పెట్టిందిట. పులి నిజందే అని ఆ పిల్ల తేల్చేసిందిట.

మనకి ఇదంతా ఎందుకు అంటారేమో. 1950లలో ముళ్ళపూడి వెంకటరమణగారు రాసి, బాపుగారు బొమ్మ కట్టిన మన బుడుగుని ఒక్కసారి తలుచుకోండి. వాడి అల్లరి కాల్విన్‌కి ఏమాత్రం తీసిపోదు. ఆ బుడుగుని ఎవడో లారీ వెనక ఒంటేలు పోయిస్తూ నిలబెట్టి, ఆ లారీ వెనకాలే మన ఆటో వెళ్తోందనుకోండి. నాకైతే దిగి ఆ డ్రైవరుతో దెబ్బలాడాలనిపిస్తుంది. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా హక్కు నిలుస్తుంది. రమణగారు 2011లోనూ, బాపుగారు 2014లోనూ వెళ్ళిపోయారు గనక బుడుగు ఇంకా చాలాకాలం ఇంటివాడే. చట్టంలో అంతే. బజార్లో మాత్రం వేరు. బాపు గీత లాంటి గీతతో పెళ్ళికూతుళ్ళు ఎన్ని శుభలేఖల మీద తలవంచుకు కూర్చున్నారో లెక్కుందా? హైదరాబాదులో పుట్టి 2008 నుంచి టీవీలో లడ్డూలు తింటున్న ఛోటా భీమ్ కూడా ఏ సంతలో చూసినా స్కూలు సంచుల మీద కనిపిస్తాడు. కొన్నింటి మీద వాడి ముక్కు ఒకలా, కొన్నింటి మీద ఇంకోలా ఉంటుంది. నా నవలలోని నాలుగు వాక్యాలు కూడా ఆ మధ్య గులాబీపువ్వు బొమ్మ కింద, ఎవరో మహానుభావుడి సూక్తిగా వాట్సాప్‌లో నాకే వచ్చాయి, శుభోదయం చెప్తూ.

2024 జనవరి 1న అమెరికాలో మొట్టమొదటి మిక్కీ, అంటే 1928 నాటి ‘స్టీమ్‌బోట్ విల్లీ’ సినిమాలోని మిక్కీ, అందరి సొత్తయిపోయాడు. ఆ ఒకటో తారీఖునే వాణ్ణి హంతకుడిగా పెట్టి తీస్తున్న సినిమా గురించి ప్రకటన వచ్చింది. తొంభై అయిదేళ్ళు కాచి పెట్టుకున్నవాళ్ళకి ఒక్క పూట కూడా గడువివ్వలేదు.

వాటర్సన్ మాత్రం స్టిక్కర్ల గురించి కోర్టు మెట్ల కంటే హాస్యాన్నే ఎక్కువ నమ్ముకున్నట్టుంది. కార్టూన్ని లోకం మర్చిపోయినా ఆ స్టిక్కర్ల పుణ్యమా అని నేను చిరంజీవినే అనే ధోరణిలో ఒక ఇంటర్వ్యూలో చమత్కరించాడు. 1995 తర్వాత బయట పెద్దగా కనిపించలేదు. కనిపించిన సందర్భాల్లో రెండు ఇంకొకరి బొమ్మల పని మీదే. రిచర్డ్ థాంప్సన్ అనే కార్టూనిస్టుకి పార్కిన్సన్ జబ్బు చేస్తే, ఆ జబ్బు మీద పరిశోధనకి డబ్బు పోగుచెయ్యడానికి మిత్రులు పూనుకున్నారు. దాని కోసం వాటర్సన్ ఆయన సృష్టించిన పాత్రనే ఒక తైలవర్ణచిత్రంగా వేసిచ్చాడు. 2012 వేలంలో అది 13 వేల డాలర్ల పైచిలుకు పలికింది. 2014 జూన్‌లో స్టీఫన్ పాస్టిస్ వేసే ‘పెర్ల్స్ బిఫోర్ స్వైన్’ కార్టూన్లో మూడు రోజులపాటు కొంత భాగం గుట్టుగా వాటర్సన్ గీశాడు. అచ్చయ్యేదాకా తన పేరు బయటపెట్టవద్దన్నాడు. ఆ అసలు బొమ్మలు కూడా తర్వాత వేలానికి వెళ్ళాయి. డబ్బు అదే నిధికి చేరింది.